పాత బొలెరోను తోట కోసం డబుల్ క్యాబ్ పికప్‌గా మార్చుకోవడం ఎలా?

దేవరకొండ వైపు బత్తాయి తోట ఉన్నా, కొల్లాపూర్ వైపు మామిడి తోట ఉన్నా రైతుకు కావాల్సిన బండి ఇంచుమించు ఒకటే. లోపల నలుగురైదుగురు కూర్చోవాలి. వెనక ఎరువు బస్తాలు, స్ప్రేయరు, డ్రిప్ పైపులు, మందు డబ్బాలు పట్టాలి. వాన పడ్డాక రేగడిలో దిగబడకుండా బయటికి రావాలి. ఏడు సీట్ల ఫోర్ వీల్ డ్రైవ్ బండి ఉంటే మొదటిదీ మూడోదీ తీరినట్టే. మధ్యదానితోనే తంటా. పురుగుమందు డబ్బాలు, మనుషులు ఒకే మూసిన క్యాబిన్‌లో ప్రయాణం చేయడం మంచిది కాదు. అద్దాలు దించుకున్నా ఆ వాసన లోపలే తిరుగుతుంది. వెనక భాగం కోసి, మధ్యలో గోడ కట్టి, బయట తొట్టి పెట్టుకుంటే సామాను వేరు, మనుషులు వేరు అవుతారు. రెండు వరుసల సీట్లు, వెనక తొట్టి ఉన్న ఇలాంటి బండినే డబుల్ క్యాబ్ పికప్ అంటారు.

వెల్డింగ్ మీద చెయ్యి తిరిగినవాళ్లు ఇంటి దగ్గరే చేసుకోగల పని ఇది. అయితే కోయడం మొదలుపెట్టే ముందు చూసుకోవాల్సినవే ఎక్కువ.

ముందు ఆర్టీఏ సంగతి

మోటారు వాహనాల చట్టం 1988లోని 52వ సెక్షన్ ప్రకారం, కంపెనీ ఇచ్చిన వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఈ మాటే స్పష్టంగా చెప్పింది. అదే ఏడాది చట్టంలో చేరిన 182ఏ సెక్షన్ ప్రకారం అనుమతి లేని మార్పు చేసిన ఓనరుకు ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా 6 నెలల దాకా జైలు, లేదా రెండూ పడొచ్చు. ఏడు సీట్ల బండిని కోసి పికప్ చేయడం స్టిక్కర్ అంటించినంత చిన్న మార్పు కాదు. అలాంటి బండితో నార్కట్‌పల్లి హైవే ఎక్కి ప్రమాదం జరిగితే ఇన్సూరెన్స్ కంపెనీ చేతులెత్తేయొచ్చు. నష్టపోయేది ఎదుటి కుటుంబం కూడా.

అందుకే ఇక్కడ చెప్పేదంతా కంచె ఉన్న సొంత తోట లోపలే తిరిగే బండి గురించి. చట్టంలో ‘మోటారు వాహనం’ అనే నిర్వచనం ఉన్న 2వ సెక్షన్ 28వ క్లాజులో, ఫ్యాక్టరీలో లేదా మూసి ఉన్న ఆవరణలో మాత్రమే తిరిగేలా తయారైన ప్రత్యేక వాహనాలకు మినహాయింపు ఉంది. అయినా మీ అంతట మీరే అర్థం చెప్పుకోవద్దు. ఆర్‌సీ బతికి ఉన్న బండి మీద చెయ్యి వేయకండి. నల్లగొండలో గానీ మహబూబ్‌నగర్‌లో గానీ ఆర్టీఏ ఆఫీసుకు వెళ్లి, రిజిస్ట్రేషన్ సరెండర్ చేసి తోటలో వాడుకోవచ్చా అని రాతపూర్వకంగా అడిగి, జవాబు వచ్చాకే పని మొదలుపెట్టండి.

రోడ్డు మీద తిరగాల్సిన అవసరం ఉంటే ఈ పనే వద్దు. కంపెనీ నుంచే డబుల్ క్యాబ్‌గా వచ్చే బండ్లు ఉన్నాయి: మహీంద్రా బొలెరో క్యాంపర్, శ్రీసిటీలో తయారయ్యే ఇసుజు వి-క్రాస్, టయోటా హైలక్స్. పాతవాటిలో స్కార్పియో గెటవే, టాటా జెనాన్ దొరుకుతాయి. వీటిలో ఫోర్ వీల్ డ్రైవ్ ఉన్నదేదో, లేనిదేదో చూసి కొనుక్కోవడమే సరైన దారి.

ఇంకో మాట. పని తోట షెడ్డులోనే పెట్టుకోండి. ఒకసారి కోశాక బండి రోడ్డు ఎక్కకూడదు కాబట్టి, ఊళ్లో కోసి తోటకు నడిపించుకుపోవడం కుదరదు.

ఏ బండి పనికొస్తుంది

కింద విడిగా లాడర్ ఛాసీ ఉండాలి. బండి కిందికి దూరి చూడండి. ముందు నుంచి వెనక దాకా రెండు లావు పట్టాలు, వాటి మధ్య అడ్డ పట్టాలు, బాడీకీ పట్టాలకూ నడుమ రబ్బరు మౌంట్లు కనబడితే అది లాడర్ ఛాసీ. బొలెరో, పాత స్కార్పియో, టాటా సుమో, పాత సఫారీ ఈ రకమే. బాడీయే బలంగా ఉండే మోనోకాక్ బండ్లను ఎట్టి పరిస్థితిలోనూ కోయొద్దు. వాటిలో పైకప్పు, పక్క గోడలు కూడా బరువు మోస్తాయి.

నా ఓటు బొలెరో ఫోర్ వీల్ డ్రైవ్‌కే. పక్కలు నిటారుగా, పైకప్పు దాదాపు చదునుగా ఉంటాయి. అందుకే గోడ కట్టడం తేలిక. వెనక కమాన్ పట్టీలు ఉంటాయి, అవి బరువుకు ఓర్చుకుంటాయి. విడి భాగాలు ఊరూరా దొరుకుతాయి. ఒకటే చిక్కు: వీల్‌బేస్ (ముందు, వెనక ఇరుసుల మధ్య దూరం) 2,680 మిల్లీమీటర్లే. క్యాంపర్‌కు ఇంతకంటే పొడవైన వీల్‌బేస్ ఇచ్చారు. అంటే మీకు వచ్చే తొట్టి చిన్నదే. మూడున్నర, నాలుగు అడుగుల కంటే ఆశపడొద్దు.

ఛాసీ పట్టాలను సుత్తితో తట్టుతూ పొండి. గట్టిగా మోగాలి. వెనక కమాన్ షాకిల్ (కమాన్ పట్టీ చివరను ఛాసీకి కలిపే ముక్క) దగ్గర, బాడీ మౌంట్ల దగ్గర తుప్పు ఎక్కువగా పడుతుంది. స్క్రూడ్రైవర్ లోపలికి దిగితే ఆ బండి వదిలేయండి. ఛాసీ నంబర్ కొట్టిన చోటు ఎక్కడుందో వెతికి, పెయింట్‌తో చుట్టూ గీత గీయండి. అక్కడ గ్రైండర్ గానీ, వెల్డింగ్ గానీ తగలకూడదు.

కోయకముందే కాటా

ఎక్కువమంది దాటేసే మెట్టు ఇదే. ఈ పనిలో నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించేది కూడా ఇదే.

రిజిస్ట్రేషన్ ఉన్నప్పుడే, ఒక్క వెల్డు కూడా పడకముందే బండిని దగ్గరలోని వేబ్రిడ్జికి తీసుకెళ్లండి. మార్కెట్ యార్డుల్లో, మిర్యాలగూడ రైసు మిల్లుల దగ్గర, జిన్నింగ్ మిల్లుల దగ్గర ఉంటాయి. ఏడు సీట్లలో ఏడుగురు పెద్దవాళ్లను కూర్చోబెట్టి మూడు కాటాలు వేయించండి: మొత్తం బండి, ముందు చక్రాలు మాత్రమే, వెనక చక్రాలు మాత్రమే. తర్వాత మనుషులు దిగాక మళ్లీ మూడు. స్లిప్పులు జాగ్రత్తగా దాచండి.

ఏడుగురు ఉన్నప్పుడు వెనక చక్రాల మీద వచ్చిన అంకె, బండి మారాక కూడా మీరు దాటకూడని గీత. కంపెనీ ఆ స్ప్రింగులు, ఆ యాక్సిల్, ఆ బ్రేకులు ఆ బరువు చూసుకునే ఇచ్చింది. తొట్టి కట్టినంత మాత్రాన అవి బలపడవు.

లెక్క ఇలా పోతుంది. మనిషికి 70 కిలోలు వేసుకుంటే ఏడుగురు 490 కిలోలు. ఐదుగురు కూర్చుంటే 350. మిగిలేది 140. కోసి తీసిన వెనక తలుపు, అద్దాలు, పక్క రేకులు, వెనక సీట్లు 110 కిలోలు తూగి, కొత్తగా కట్టిన గోడ, తొట్టి 130 కిలోలు అయ్యాయనుకుందాం. 20 కిలోలు పోయి 120 మిగిలింది. అంటే ఐదుగురు మనుషులతో పాటు 50 కిలోల డీఏపీ బస్తాలు రెండు. ముందు సీట్లో ఇద్దరే ఉంటే ఆరు బస్తాలు. అంతకు మించితే అది ట్రాక్టర్ పని. ఈ బస్తాల లెక్క కూడా వెనక యాక్సిల్ అంకె దాటకుండా ఉంటేనే. సీట్లలో పరుచుకునే బరువు, తొట్టిలో మొత్తం వెనకే పడుతుంది.

విప్పడం

బ్యాటరీ రెండు తీగలూ తీసేయండి. వెల్డింగ్ చేసేటప్పుడు కరెంటు పోటు తగలకుండా ఆల్టర్నేటర్ కనెక్షను, బండికి ఈసీయూ (ఇంజిన్‌ను నడిపించే కంప్యూటరు) ఉంటే దాని సాకెట్టు కూడా విడదీయండి. సీట్లు, కార్పెట్, పైకప్పు లోపలి బట్ట, ప్లాస్టిక్ ట్రిమ్, వెనక పక్క అద్దాలు అన్నీ తీసేయండి. లోపల అంటుకునేది ఏదీ మిగలొద్దు. వెనక లైట్ల వైరింగ్‌ను కోయకుండా సాకెట్ల దగ్గర విప్పి, ముందుకు లాగి, చుట్టి కట్టండి. ఏ తీగ దేనిదో టేపు మీద రాసి అంటించండి.

డీజిల్ ట్యాంకు ఖాళీ చేసి, దించి, షెడ్డుకు దూరంగా పెట్టండి. ఖాళీ ట్యాంకు పక్కన వెల్డింగ్ చేయడం నిండు ట్యాంకు పక్కన చేసినంత ప్రమాదం. బ్రేకు పైపులు, డీజిల్ పైపులు ఎటు పోతున్నాయో చూసి, నిప్పు రవ్వలు పడే చోట తడి గోనెసంచి కప్పండి. ముందు అద్దానికి, తలుపుల అద్దాలకూ తడి గోనె కప్పాలి. గ్రైండర్ రవ్వలు అద్దంలోకి దిగి అతుక్కుంటాయి, తర్వాత ఏం చేసినా పోవు. షెడ్డు దగ్గర గడ్డివాము ఉంటే అక్కడ ఈ పని చేయొద్దు. అగ్నిమాపక సిలిండరు ఒకటి, నీళ్ల బకెట్లు రెండు చేతికి అందేలా ఉండాలి. గ్రైండర్ గార్డు తీసి పని చేసే అలవాటు మానుకోండి. కళ్లద్దాలు లేకుండా డిస్కు తిప్పొద్దు.

బాడీని బిగించి ఉంచడం

పైకప్పు కోయగానే బాడీ అటూ ఇటూ సాగుతుంది. తలుపులు పడవు. దీనికి మందు ముందే వేయాలి.

ఛాసీ కింద నాలుగు చోట్ల స్టాండ్లు పెట్టి, బండి లెవెల్‌గా ఉందో లేదో నీటి లెవెల్‌తో చూడండి. 25 మిల్లీమీటర్ల చదరపు పైపుతో లోపల అడ్డ కమ్మీలు వేయండి. ఎడమ మధ్య స్తంభం నుంచి కుడి మధ్య స్తంభానికి ఒకటి, వెనక తలుపుల వెనక ఉన్న స్తంభాల మధ్య ఒకటి, పైకప్పు మూల నుంచి ఎదురు నేల మూలకు ఐమూలగా రెండు. తలుపులు తీయడానికి అడ్డం రాకుండా చూసుకోండి. తర్వాత నాలుగు తలుపులూ వేసి, ప్రతి సందు కొలిచి, పెన్నుతో రేకు మీదే రాయండి. వెల్డింగ్ అయ్యేదాకా తలుపులు మూసే ఉండాలి, రోజూ ఆ సందులు కొలవాలి. ఒక ఐమూల కొలత రెండోదానికి సమానంగా ఉన్నంత సేపు మీరు క్షేమం.

కోత

వెనక సీటు పక్క తలుపు వెనకున్న స్తంభం కోయొద్దు. దానికి తలుపు గొళ్లెం, సీటు బెల్టు బిగింపు రెండూ ఉంటాయి. గీత దాని వెనక రెండు అంగుళాలు వదిలి గీయాలి. వెనక సీటు పెట్టి, వీపు వాల్చుకునేంత చోటు ఉందో కూర్చుని చూశాకే గీత ఖాయం చేయండి. మొదటి కోత గీత కంటే అంగుళం వెనక వేయండి. తర్వాత తరిగి సరిచేసుకోవచ్చు, పోయిన రేకును తిరిగి తేలేం.

వెనక గోడ కోసం రెండు దారులున్నాయి. ఒకటి, హైదరాబాద్ ఆటోనగర్ పాత సామాన్లలో క్యాంపర్ క్యాబిన్ వెనక గోడ దొరుకుతుందేమో వెతకడం. విజయవాడ హైవే మీదే కాబట్టి నల్లగొండ, సూర్యాపేట వాళ్లకు దారిలోనే. దొరికితే పని సగం తగ్గుతుంది. కొలతలు తీసుకుని వెళ్లండి, బండి ఏ సంవత్సరందో చెప్పండి.

రెండోది నాకు ఇష్టమైన దారి: మీ బండి వెనక భాగాన్నే ముందుకు జరపడం. బొలెరో పైకప్పు వెనక అంచుకు వంపు, నీటి కాలువ, లోపలి బలం పట్టీ అన్నీ కంపెనీయే ఇచ్చింది. ఆ అంచును ఆరేడు అంగుళాల వెడల్పు ఉంచి వేరుగా కోసి తీయండి. మధ్య రేకు తీసేసి, ఆ అంచును తెచ్చి క్యాబిన్ పైకప్పు చివర అతికిస్తే, పైన గీతలు, వంపు రెండూ దాదాపు కలిసిపోతాయి. వెడల్పులో కొద్దిగా తేడా వస్తే నడిమధ్యలో సన్నగా కోసి దగ్గరికి లాగి అతకాలి. ఒకే చోట లాగితే మడత పడుతుంది, రెండు మూడు చోట్ల కొద్దికొద్దిగా లాగండి.

గోడ

40 × 20 మిల్లీమీటర్ల పైపుతో చౌకట్టు కట్టి, రెండు స్తంభాలకూ నేలకూ పైకప్పు అంచుకూ కలపండి. రేకు 1.2 మిల్లీమీటర్లది చాలు. సాదా రేకు బండి నడిచేటప్పుడు డప్పులా మోగుతుంది. కాబట్టి వంపు మెషీను ఉన్న షాపులో అడ్డంగా నాలుగైదు గాడులు వేయించండి.

ఆర్క్ వెల్డింగ్ ఇక్కడ పనికిరాదు. రేకు కాలి రంధ్రాలు పడతాయి. సీఓటూ మెషీను (గ్యాస్‌తో పాటు తీగ తనంతట అదే వచ్చే వెల్డింగ్ మెషీను), 0.8 మిల్లీమీటర్ల తీగ వాడండి. తీగను ఒకేసారి లాక్కుంటూ పోకుండా ఓ చుక్క ఇక్కడ, ఓ చుక్క జానెడు దూరంలో, మళ్లీ వెనక్కి, ఇలా వేసుకుంటూ పోవాలి. రేకు చేత్తో పట్టుకోగలిగినంత చల్లారాకే పక్క చుక్క. ఎండాకాలంలో మధ్యాహ్నం రేకు మీద చెయ్యే పెట్టలేం, అది చల్లారడానికీ చాలాసేపు పడుతుంది. పొద్దున పదిలోపు, సాయంత్రం ఐదు తర్వాత చేసుకోండి. బోరు మోటార్లు నడిచే లైనులో వోల్టేజీ దిగితే వెల్డు లోపలికి దిగదు, పైపైన ముద్దలా కూర్చుంటుంది. అలా అనిపిస్తే ఆపేయండి.

అద్దానికి లామినేటెడ్ లేదా టఫెన్డ్ గ్లాసే వాడాలి. కిటికీ గ్లాసు వద్దు. మందుల వాసన లోపలికి రాకూడదన్నదే మన ఉద్దేశం కాబట్టి జరిపే అద్దం కంటే రబ్బరు బీడింగ్‌తో బిగించిన కదలని అద్దం మేలు. అతుకులన్నిటికీ లోపలా బయటా సీలెంట్ పూయండి. రాత్రి క్యాబిన్‌లో బల్బు వెలిగించి బయటి నుంచి చూస్తే ఎక్కడ సందు మిగిలిందో తెలిసిపోతుంది.

తొట్టి

క్యాబిన్‌కూ తొట్టికీ మధ్య కనీసం రెండు అంగుళాల ఖాళీ వదలండి. గుంటల్లో ఛాసీ మెలి తిరుగుతుంది. రెండింటినీ కలిపి వెల్డు చేస్తే కొన్ని నెలల్లోనే గోడ మూలల్లో పగుళ్లు వస్తాయి.

తొట్టిని ఛాసీకి వెల్డు చేయొద్దు. ఛాసీ పట్టాల పై అంచుకూ కింది అంచుకూ కొత్త రంధ్రాలు వేయొద్దు. పట్టా మొత్తంలో ఎక్కువ ఒత్తిడి పడేది ఆ అంచుల మీదే. కోసిన బాడీని పట్టుకున్న పాత మౌంట్లు అలాగే ఉంటాయి కదా, వాటి మీదే కొత్త రబ్బర్లు వేసి, 8.8 గ్రేడు (గట్టి రకం) బోల్టులు, అదురుకు వదులు కాని నైలాక్ నట్లతో బిగించండి.

బరువు మీద కన్నేసి ఉంచండి. ఉక్కు రేకు మిల్లీమీటరు మందానికి చదరపు మీటరుకు 7.85 కిలోలు తూగుతుంది. 1.1 మీటర్ల పొడవు, 1.5 మీటర్ల వెడల్పు నేలకు 3 మిల్లీమీటర్ల ప్లేటు వేస్తే 39 కిలోలు, 2 మిల్లీమీటర్లది వేస్తే 26. కింద అడ్డ పైపులు అడుగుకొకటి వేస్తే 2 మిల్లీమీటర్లది సరిపోతుంది. గట్టిగా ఉండాలని లారీకి వేసే సామాను వేస్తే, ఆ కిలోలన్నీ మీ బస్తాల లెక్కలోంచే పోతాయి. పక్క గోడలు అడుగు ఎత్తు చాలు. చోటు కోసం తొట్టిని వెనక్కి పొడిగించాలనిపిస్తుంది, కానీ వెనక ఇరుసు దాటి పడే ప్రతి కిలో ముందు చక్రాలను తేలిక చేస్తుంది. స్టీరింగ్ పట్టు తప్పుతుంది.

స్టెప్నీ ఇంతకుముందు వెనక తలుపు మీద ఉండేది. దాన్ని గోడ వెనక, తొట్టిలో ముందు వైపు నిలబెట్టి బిగించండి.

పైపులు, లైట్లు, బ్రేకు

డీజిల్ పోసే మెడను తొట్టి పక్క గోడకు బిగించేటప్పుడు అది ట్యాంకు వైపు వాలి ఉండాలి, గాలి పైపు పైకి ఉండాలి. లేకపోతే డీజిల్ పోసేటప్పుడు పొంగుతుంది. సైలెన్సర్ పైపు చివర తొట్టి వెనక అంచు దాటి బయటికి రావాలి. క్యాబిన్‌కూ తొట్టికీ మధ్య ఖాళీ కిందే పొగ వదిలితే అది గోడ పట్టుకుని లోపలికి ఎక్కుతుంది.

తోటలోనే తిరిగినా బ్రేకు లైటు, ఇండికేటర్లు, రివర్స్ లైటు పెట్టండి. చీకట్లో కూలీలు, పిల్లలు, పశువులు అక్కడే తిరుగుతారు. తీగ రేకులోంచి వెళ్లే ప్రతిచోటా రబ్బరు గ్రోమెట్ వేయాలి, ఎర్త్ తీగ ఛాసీకి విడిగా ఇవ్వాలి.

వెనక యాక్సిల్‌కు, బాడీకి మధ్య కడ్డీతో కలిపిన బ్రేకు వాల్వు ఉందేమో చూడండి. బరువును బట్టి వెనక బ్రేకును తగ్గించి పెంచేది అదే. బండి ఎత్తు మారితే దాని సర్దుబాటు మారుతుంది. దాన్ని తెలిసిన మెకానిక్‌తోనే సెట్ చేయించండి. ఖాళీ బండిని మెల్లగా నడిపి గట్టిగా బ్రేకు వేసినప్పుడు వెనక చక్రాలు ముందే పట్టేసి జారితే ఇంకా సరికాలేదని అర్థం.

కొత్త కమాన్ పట్టీ ఒకటి ఎక్కించమని చాలామంది సలహా ఇస్తారు. వద్దు. బండి పైకి లేస్తుందే గానీ యాక్సిల్‌కూ బ్రేకులకూ బలం రాదు. ఖాళీగా ఉన్నప్పుడు ఎగిరి, రేగడిలో చక్రం పట్టు ఇంకా తగ్గుతుంది.

రంగు, మొదటి తిప్పుడు

వెల్డు మీది మసి వైరు బ్రష్‌తో పూర్తిగా తీసి, ఎపాక్సీ ప్రైమర్ కొట్టి, పైన రంగు వేయండి. వానాకాలం తేమలో వేయొద్దు. ఎరువు ఉప్పు, మందు నీళ్లు తొట్టి నేలను త్వరగా తినేస్తాయి కాబట్టి లోపల రబ్బరు మ్యాటు పరచండి, మూలల్లో నీళ్లు పోయే రంధ్రాలు వేయండి.

ఖాళీ బండి వెనక ఇప్పుడు ఎంత తేలికైందో కాటా వేస్తేనే తెలుస్తుంది. బండి రోడ్డెక్కదు కాబట్టి తీసిన ముక్కలన్నీ, కొత్తగా వాడిన ఇనుమంతా విడివిడిగా కాటా వేసి రాసుకుంటూ పోయి ఉండాలి. పాత స్లిప్పులతో కలిపితే కొత్త బరువు వస్తుంది. ఆ లెక్క నుంచి ఎన్ని బస్తాలో తేల్చి, తొట్టి వెనక పలక మీద పెద్ద అక్షరాలతో రాయించండి. బండి నడిపేది మీరొక్కరే కాదు కదా. తొట్టిలో మనుషులను ఎక్కించొద్దని కూడా అక్కడే రాయించండి. కాయ కోతలకు వచ్చినవాళ్లు గేటు దాకా ఎక్కుతామని అడుగుతారు. కాదనడం కష్టంగా ఉంటుంది, అయినా వద్దు.

ఒక వారం తిరిగాక తొట్టి బోల్టులన్నీ మళ్లీ బిగించండి. నెలకోసారి గోడ పై మూలలు రెండూ, స్తంభాల అడుగు భాగం టార్చి వేసి చూడండి. వెంట్రుకంత గీత కనబడినా దాని మీదే వెల్డు పెట్టేయకుండా, గీత రెండు చివర్లా చిన్న రంధ్రం వేసి, రేకు ముక్క అతికి వెల్డు చేయాలి. మొదటి పెద్ద వాన పడ్డ రోజు క్యాబిన్‌లో వెనక సీటు కింద చెయ్యి పెట్టి చూడండి. తడి తగిలితే నీళ్లు వస్తున్నది పైకప్పు అతుకులోంచా, అద్దం రబ్బరులోంచా అన్నది బకెట్‌తో పైనుంచి కొద్దికొద్దిగా పోసి తేల్చుకుని, అక్కడ సీలెంట్ పూర్తిగా గీకి తీసి మళ్లీ పూయండి.